పట్టాలి... కొలవాలి... వదిలేయాలి!

చేపల వేటలో గెలుపంటే ఏమిటి? మార్కెట్లో అడిగితే బుట్ట బరువు చెబుతారు. ఇంట్లో అడిగితే పులుసు రుచి చెబుతారు. కయాక్ వేట పోటీల్లో మాత్రం గెలుపు సెంటీమీటర్లలో ఉంటుంది. పట్టిన చేపను కొలబద్ద మీద పడుకోబెట్టి, ఫొటో తీసి, మళ్లీ నీళ్లలోకి వదిలేయాలి. ఇంటికి తీసుకెళ్లేది ఆ ఫొటో ఒక్కటే!

అమెరికాలో, ఆస్ట్రేలియాలో వారాంతం వస్తే ఇలాంటి పోటీలు మామూలే. కయాక్ అసలు ఆర్కిటిక్ మంచు ప్రాంతాల్లోని ఇన్యూట్‌ల పడవ. కర్ర చట్రానికి సీల్ చర్మం బిగించి, ఒక్క మనిషి కూర్చునేంత చోటు వదిలి, అలికిడి లేకుండా వేటాడటానికి చేసుకున్నారు. ఇప్పుడవి ప్లాస్టిక్‌లో పోత పోసి వస్తున్నాయి. పది పన్నెండు అడుగుల పొడవు, పైన కుర్చీలాంటి సీటు, గేలపు కర్ర నిలబెట్టుకోవడానికి గొట్టాలు, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. ఇంజిను ఉండదు, చేప బెదరదు. మోకాటి లోతు నీళ్లున్నా చాలు, పోతుంది.

ఇదంతా పరాయి వ్యవహారం అనుకోకండి. ఒక్కడే కూర్చుని వేటాడే పడవ మన డెల్టాకు కొత్త కాదు. కొల్లేటి జాలర్ల తాటి దోనెను చూసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. మొదలు దగ్గర లావుగా ఉబ్బిన తాటిచెట్టును కోసి, లోపలి గుంజు తొలిచేసి, చెట్టు తొడుగునే పడవ చేసుకున్నారు. కొత్తవాడు ఎక్కితే బోల్తా ఖాయం. కొల్లేటి మనిషి మాత్రం అందులో నిలబడి గెడ వేసుకుంటూ పోతాడు. మన దగ్గర లేనిదల్లా పట్టిన చేపను వదిలేసే అలవాటు!

ఆ అలవాటుతో ఒక శని, ఆదివారం గడిపి చూద్దామని నలుగురం మిత్రులం అనుకున్నాం. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక లెక్కల మాస్టారు, ఆటోనగర్‌లో లేతు షాపున్న ఒకాయన, నేను. కారు మీద కట్టుకొచ్చినవి రెండు, అద్దెకు తెచ్చినవి రెండు, మొత్తం నాలుగు కయాక్‌లు. నిబంధనలు రాసే పని మాస్టారికి అప్పగించాం, అది ఆయనకు వృత్తి ధర్మం కదా. రోజుకు ఒక్కొక్కరి పెద్ద చేపలు రెండింటి పొడవు లెక్క. ఫొటోలో చేప మూతి కొలబద్ద సున్నాకు ఆనాలి. పక్కన ఆ రోజు ఉదయమే ఇచ్చిన చీటీ కనిపించాలి, నిన్నటి చేప ఫొటో ఇవాళ పనికిరాకుండా. గేలానికుండే వెనకముల్లును పటకారుతో నొక్కేయాలి, చేప నోరు చిరగకుండా. లైఫ్‌జాకెట్ విప్పినవాడు పోటీలోంచి ఔట్.

ఆ చివరి నిబంధన మీద ఎవరూ జోకులు వేయలేదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి వెళ్తున్న పడవ తిరగబడి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లెవరూ ఆ కార్తీక ఆదివారాన్ని మరిచిపోలేదు.

శనివారం విజయవాడలోనే. అనుమతి అడిగి, బ్యారేజీకి ఎగువన, గేట్లకు దూరంగా దిగాం. ఇక్కడి కృష్ణను నది అనాలా, చెరువు అనాలా అంటే కొంచెం ఆలోచించాల్సిందే. 1855 నాటి ఆనకట్టకు 1952లో గండి పడ్డాక, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెబ్బై గేట్లు మూసి ఉంచితే వెనక సుమారు మూడు టీఎంసీల నీరు నిలుస్తుంది. కాలువలన్నీ అక్కడి నుంచే. వరదొస్తే కథ వేరు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు పోటెత్తి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకున్న రోజులు చూశాం. మేం దిగినప్పుడు మాత్రం అద్దంలా ఉంది. దూరంగా ఇంద్రకీలాద్రి, ఇటు భవానీ ద్వీపం పచ్చదనం. తెడ్డు తీసి ఒళ్లో పెట్టుకుంటే నీళ్ల చుక్కలు రాలే చప్పుడు కూడా వినపడుతుంది. ఊళ్లో ఇంత నిశ్శబ్దం ఉందని విజయవాడవాళ్లకు తెలియదు!

వేట సంగతి? అంత గొప్పగా ఏం లేదు. మాస్టారికి రెండు జెల్లలు. నాకు ఒక జెల్ల. జెల్లను గేలం నుంచి తీయడమే ఒక విద్య, మొప్పల పక్కనున్న ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి సాయంత్రం దాకా సలుపుతుంది. బ్యాంకాయనకు చెయ్యెడు బొచ్చె పిల్ల. లేతు షాపాయనకు పడింది చూసి అందరం దగ్గరకు చేరాం. ఒళ్లంతా గరుకు పలకలు, నల్ల మచ్చలు, అడుగున గుండ్రటి నోరు. సక్కర్ చేప! అక్వేరియం గాజుకు పట్టిన పాచి తింటుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న చేప ఇది. పెద్దదైపోతే నీళ్లలో వదిలేసినవాళ్ల పుణ్యమా అని కాలువల్లో, నదిలో స్థిరపడింది. దెయ్యం చేప అంటున్నారు జాలర్లు. తినడానికి కొనేవాళ్లుండరు, వలలు మాత్రం చింపేస్తుంది.

పొడవు ముప్పై నాలుగు సెంటీమీటర్లు. ఆ రోజుకు అదే పెద్దది. లెక్కలోకి తీసుకోవాలా వద్దా? తీసుకోవాలంటే నిబంధన ప్రకారం తిరిగి వదలాలి. వదిలితే నదికి చేటు. అరగంట వాదన జరిగింది, నాలుగు కయాక్‌లు ఒకదాన్నొకటి పట్టుకుని నది మధ్యలో పంచాయితీ! చివరికి మాస్టారు నిబంధనల కాగితానికి ఇంకో వాక్యం చేర్చారు. మన నీళ్లకు చెందని చేపకు మార్కుల్లేవు, నీళ్లలోకి తిరిగి వెళ్లే హక్కూ లేదు. లేతు షాపాయన మూతి ముడుచుకున్నాడు కానీ, చేపను ఒడ్డుకు తెచ్చి పాతిపెట్టింది ఆయనే.

ఆదివారం తెల్లవారుజామున దివిసీమ దారి పట్టాం. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ... ఎనభై కిలోమీటర్ల పైమాటే. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి కారులోంచే దండం పెట్టుకుని, అవనిగడ్డలో ఇడ్లీ తిని, ఏడింటికి నాగాయలంక చేరాం. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ దివిసీమను రెండు చేతులతో చుట్టి సముద్రంలో కలుస్తుంది. ఒక పాయ హంసలదీవి వైపు, మరొకటి నాగాయలంక మీదుగా. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ ఊళ్ల మీదుగానే లోపలికి వచ్చింది. యాభై దాటినవాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే చాలు, మాట ఎక్కడ మొదలైనా అక్కడికి చేరుతుంది.

శ్రీరామపాదక్షేత్రం ఘాట్ దగ్గర నీళ్లలో చెయ్యి ముంచి నాలుక మీద వేసుకున్నాం. ఉప్పన! నిన్నటి నదే, పేరు అదే, నీరు మాత్రం వేరు. వరద రోజుల్లో తప్ప బ్యారేజీ దాటి ఇంత దూరం వచ్చే మంచినీళ్లు తక్కువ. ఆ ఖాళీలోకి సముద్రం ఎక్కి వస్తుంది. ఇక్కడ కాలం గడియారంతో నడవదు, పోటు పాటులతో నడుస్తుంది. పోటు వచ్చినప్పుడు చేపపిల్లలు, రొయ్యలు మడ చెట్ల వేళ్లలోకి పోతాయి. పాటు తీసేటప్పుడు నీటితోపాటు బయటికి రాక తప్పదు. ఆ పాయ మూతి దగ్గర పెద్ద చేపలు కాపు కాస్తాయి. కయాక్ కూడా అక్కడే కాపు కాయాలి.

ఈ రహస్యం చెప్పింది మా వెంట నాటు పడవలో వచ్చిన స్థానిక జాలరి. భద్రత కోసం ఆయన్ని మాట్లాడుకున్నాం. బాబాయ్ అని పిలిచాం. అరవై ఏళ్లుంటాయి. మా ప్లాస్టిక్ పడవలను, కుర్చీలను, చొక్కా మీద చొక్కాలా ఉన్న లైఫ్‌జాకెట్లను చూసి మొదట నవ్వాడు. తర్వాత ఒక కయాక్ ఎక్కి రెండు చుట్లు తిరిగొచ్చి, “బరువు లేదు. బాగుంది. వల పెట్టుకోటానికే చోటు లేదు” అన్నాడు. అభయారణ్యం హద్దు ఎక్కడో కూడా ఆయనే చూపించాడు. కృష్ణా అభయారణ్యంలోని మడ అడవుల్లో బావురుపిల్లులు ఉంటాయి. నీళ్లలోకి దూకి చేపను పట్టే పిల్లి అది. లోపల వేట దానికే చెల్లుతుంది, మనకు కాదు.

మాకు కావలసింది పండుగప్ప. ఆస్ట్రేలియావాళ్లు బారముండి అంటారు. కయాక్ వేటగాళ్లు దాని కోసం దేశాలు దాటి వెళ్తారు. మనకేమో అది పొరుగింటి చేప, కైకలూరు వైపు చెరువుల్లో సాగు చేస్తున్నారు కూడా. గేలానికి బతికున్న రొయ్యను గుచ్చి వేశాం. ఎనిమిదిన్నరకు బ్యాంకాయనకు తగిలింది. 43 సెంటీమీటర్లు. కొలిచాడు, ఫొటో తీశాడు, రెండు చేతుల మీద నీళ్లలో కాసేపు పట్టుకున్నాడు. తోక ఒక్కటి విదిల్చి మాయమైంది.

బాబాయ్ పడవలో లేచి నిలబడ్డాడు. “ఏంటి బాబూ, వదిలేయటానికా ఇంత దూరం వచ్చారు?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక కాదు. మా నలుగురికీ నెల తిరిగితే జీతమో, షాపు ఆదాయమో ఉంది. ఆయనకు ఆ చేపే ఆదాయం. వదిలేయడం ఆటగా చూడగలిగేది కడుపు నిండినవాళ్లే. ఆ మాట ఆయన అనలేదు, మాకే తోచింది.

మాస్టారు మాత్రం పండుగప్ప కథ చెప్పారు. ఈ చేప పుట్టాక ముందు మగదిగా ఎదుగుతుంది. కొన్నేళ్లు పోయి, ఎనభై తొంభై సెంటీమీటర్లకు చేరేసరికి ఆడదిగా మారిపోతుంది! అంటే నీళ్లలో ఉన్న పెద్ద పండుగప్పలన్నీ దాదాపుగా తల్లులే. ఒక్కొక్క తల్లి లక్షల గుడ్లు పెడుతుంది. అందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపు చేపనే కాదు, 120 దాటిన చేపను కూడా ఉంచుకోనివ్వరు. చిన్నదాన్ని ఎందుకు వదలాలో మనకు తెలుసు. పెద్దదాన్ని వదలాలన్నది కొత్త సంగతి.

బాబాయ్ శ్రద్ధగా విన్నాడు. “మా నాన్న పెద్దదాన్ని ముందు పట్టమనేవాడు. చిన్నదాన్ని పెరగనియ్యమనేవాడు” అన్నాడు. కాసేపాగి, “ఇప్పుడు పెద్దవే పడటం లేదు” అన్నాడు. గుడ్డు ఉప్పునీళ్లలో, పెరగడం మంచినీళ్లలో... ఇదీ పండుగప్ప పద్ధతి. పైకి పోదామంటే అడ్డంగా బ్యారేజీ. కింద ఉందామంటే వేసవిలో పాయల్లో మంచినీళ్లే లేవు. అలాంటి చోట ఒక తల్లి చేప ఇన్నేళ్లు బతికిందంటే దాని తెలివిని మెచ్చుకోవాలి.

పదింటికి పాటు బాగా లాగుతోంది. అప్పుడు లేతు షాపాయన గేలం విల్లులా వంగింది. తాడు జరజరా పోయింది. ఆ తర్వాత కయాకే పోయింది! చేప ముందు, ఆయన వెనక, పాయ మూతి నుంచి నది మధ్యకు. నీళ్లు చీల్చుకుని గాల్లోకి లేచి తల విదిల్చినప్పుడు చూశాం. వెండి పలకలా ఉంది. బాబాయ్ “వదలమాక, వదలమాక” అని అరుస్తున్నాడు, తెడ్డు వేసుకుంటూ వెంట పడ్డాడు. పావుగంట తర్వాత చేప అలిసి పక్కకొచ్చింది. ఎత్తి కొలబద్ద మీద పెట్టాడు. “ఎనభై రెండు!” అని ఆయన అరవడం అందరం విన్నాం. ఒక చేత్తో చేపను అదిమి, రెండో చేత్తో సంచిలోంచి ఫోను తీస్తున్నాడు. చేప ఒక్కసారి లేచింది. కొలబద్దతో సహా నీళ్లలో పడింది.

ఫొటో లేదు. చీటీ లేదు. కొలబద్ద కూడా లేదు.

మాస్టారు నిబంధనల కాగితం చూశారు. లెక్కలోకి రాదన్నారు. శనివారం సక్కర్, ఆదివారం ఇది. పోటీలో రెండు రోజులూ పెద్ద చేప పట్టిన మనిషికి మొత్తం మార్కులు సున్నా! చిన్న పండుగప్ప, శనివారం బొచ్చె పిల్ల కలిపి బ్యాంకాయన గెలిచాడు. నాది మూడో స్థానం. నలుగురిలో మూడంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. బహుమతి ఏమిటంటే, ఉప్పునీళ్లలో తిరిగిన కయాక్‌లను మంచినీళ్లతో కడిగే పని గెలిచినవాడికి ఉండదు. మిగిలిన ముగ్గురం కడిగాం.

మధ్యాహ్నం బాబాయ్ తన వలలో పడ్డ రొయ్యలు, రెండు మండపీతలు ఇంటికి పంపి వండించాడు. డబ్బులిస్తే పడవ కిరాయి మాత్రం తీసుకున్నాడు. భోజనం దగ్గర కూర్చున్న ప్రతివాడికీ చేప కథ ఆయనే చెప్పాడు. మూడో మనిషికి చెప్పేసరికి అది తొంభై అయిదు సెంటీమీటర్లయింది. “మీరైతే వదిలేవారా?” అని లేతు షాపాయన అడిగాడు. “నేనా? వదిలే ప్రసక్తే లేదు” అన్నాడు. పీత డెక్క విరుస్తూ కాసేపు ఊరుకుని, “పోయిందిగా, పోనీ. ఆ మూతి దగ్గరే ఉంటుంది” అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. విజయవాడ నుంచి అవనిగడ్డ, నాగాయలంకలకు బస్సులున్నాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వరద, ఆ తర్వాత డిసెంబరు దాకా తుపాన్ల భయం, కాబట్టి జనవరి నుంచి మార్చి వరకు మంచి కాలం. పోటు పాటు వేళలు ముందే తెలుసుకోవాలి. పాటు సమయంలో నది మధ్యకు ఒంటరిగా పోకూడదు, నీరు సముద్రం వైపు లాగేస్తుంది. మడ అడవులు చూడాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఊరివాళ్ల పడవ ఒకటి వెంట ఉంచుకోండి. టోపీ, తాగునీళ్లు మరవద్దు. ఫోను మాత్రం మెడలో వేలాడేసుకోండి!