గడియారం లేని ఆట: అమెరికా నుంచి పెద్దమందడికి

ఆర్లింగ్టన్, టెక్సస్

తమ్మీ,

బేస్‌బాల్ మ్యాచ్ ఎంతసేపు జరుగుతుందని అడిగావు. ఒక్క అంకెతో తేలే సంగతైతే ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి. చిన్నపిల్లల ఆట గంటన్నర నుంచి రెండు గంటలు. హైస్కూల్ ఆట రెండు గంటల పైచిలుకు. కాలేజీ ఆట మూడు గంటలు, ఒక్కోసారి ఆపైన కూడా. ఇక్కడ ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ ఆడే మేజర్ లీగ్ (పెద్దల అగ్రశ్రేణి పోటీ) ఆట ఇప్పుడు సగటున 2 గంటల 40 నిమిషాల లోపే ముగుస్తోంది. వయసు పెరిగేకొద్దీ ఆట సాగుతుందనుకుంటే కాలేజీ దాటాక ఆ లెక్క చెడిపోతుంది. కాలేజీలోనూ 9 ఇన్నింగ్సే, మేజర్ లీగ్‌లోనూ 9 ఇన్నింగ్సే. అయినా కాలేజీ కుర్రాళ్లే ఎక్కువసేపు తీసుకుంటున్నారు. కాబట్టి నిడివి ఇన్నింగ్స్ లెక్కలో లేదు. బంతికీ బంతికీ మధ్య జరిగేదానిలో ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే: పొద్దు చాలనప్పుడు కోత పెట్టాల్సింది ఆటకు కాదు, ఆటలోని ఖాళీలకు. సంక్రాంతి సెలవుల్లో మన ఊరి క్రికెట్ పోటీలు నడిపేది నువ్వు కనుక ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. ఇందులో ఓవర్లు లేవు, ఆటను ముగించే గడియారమూ లేదు. ఒక జట్టులో ముగ్గురు ఔటయ్యేదాకా ఆ జట్టుదే బ్యాటింగ్. తర్వాత అవతలి జట్టు వంతు. రెండూ కలిస్తే ఒక ఇన్నింగ్స్. అలాంటివి 9. ముగ్గురూ రెండు నిమిషాల్లో ఔటైపోవచ్చు, అరగంటైనా ఔట్ కాకపోవచ్చు. ఇలాంటి ఆటకు నిడివి ముందే చెప్పలేం అనిపించడం సహజం. కానీ పాత లెక్కలు చూడు. 1919 సెప్టెంబర్ 28న న్యూయార్క్ జెయింట్స్, ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్లు 9 ఇన్నింగ్స్ మొత్తం 51 నిమిషాల్లో ఆడేశాయి. అది సీజన్ ముగింపు రోజు, ఆటగాళ్లు తొందరలో ఉన్నారులే అని పక్కన పెట్టినా, మరుసటి ఏడాది జరిగినదాన్ని అలా తీసిపారేయలేం. 1920 మే 1న బ్రూక్లిన్, బోస్టన్ జట్లు 26 ఇన్నింగ్స్ ఆడి, 1–1తో సమంగా ఉండగా చీకటి పడి ఆపేశాయి. పట్టింది 3 గంటల 50 నిమిషాలు. రెండు వైపులా మొదట బంతి పట్టిన పిచర్లే (మన బౌలర్ల లాంటివాళ్లు) చివరిదాకా విసిరారు. అదే మేజర్ లీగ్‌లో 2021లో 9 ఇన్నింగ్స్ ఆటకు సగటున 3 గంటల 10 నిమిషాలు పట్టింది. దాదాపు మూడింతల ఆటను ముత్తాతల కాలంలో నలభై నిమిషాలు మాత్రమే ఎక్కువ తీసుకుని ఆడారన్నమాట.

మధ్యలో పెరిగింది ఆట కాదు. పిచర్ బంతి పట్టుకుని నిలబడటం, బ్యాటర్ గీత దాటి బయటికొచ్చి గ్లౌజుల పట్టీ విప్పి మళ్లీ బిగించుకోవడం, ఇన్నింగ్స్ మధ్యలో పిచర్లను మార్చడం, టీవీ ప్రకటనలు పెరిగాయి. 2013లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక కొన్ని మ్యాచ్‌లను లెక్కగడితే, మూడు గంటల ఆటలో నిజంగా కదలిక ఉన్న సమయం సుమారు 18 నిమిషాలని తేలింది. 2023లో పిచ్ క్లాక్ తెచ్చారు. పరుగు కోసం దాటాల్సిన బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచర్ 15 సెకన్లలో విసరడం మొదలుపెట్టాలి. రన్నర్ ఉంటే 20 సెకన్లు. మరుసటి ఏడాది దాన్ని 18కి తగ్గించారు. 8 సెకన్లు మిగిలి ఉండగా బ్యాటర్ సిద్ధంగా చూస్తూ ఉండాలి. ఆలస్యం పిచర్‌ది అయితే బ్యాటర్‌కు అనుకూలంగా ఒక ‘బాల్’, బ్యాటర్‌ది అయితే అతనికి వ్యతిరేకంగా ఒక ‘స్ట్రైక్’ లెక్కవేస్తారు. 2022లో 3 గంటల 4 నిమిషాలున్న సగటు ఒక్క ఏడాదిలో 2 గంటల 40 నిమిషాలకు దిగింది. ఇందులో గారడీ ఏమీ లేదు. మ్యాచ్‌కు ఇరు జట్లూ కలిసి దాదాపు 300 బంతులు విసురుతాయి. బంతికి 5 సెకన్లు మిగిలితే 1500 సెకన్లు, అంటే 25 నిమిషాలు. ఒక్క ఔట్ తగ్గలేదు, ఒక్క ఇన్నింగ్స్ పోలేదు.

ఇక్కడికి దగ్గర్లోనే గ్రాండ్ ప్రెయిరీ ఉంది. అక్కడి స్టేడియం మొదట బేస్‌బాల్ కోసం కట్టినది. 2023లో క్రికెట్ మైదానంగా మార్చారు. 2024 జూన్ 6న టీ20 ప్రపంచకప్‌లో అమెరికా జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్, ఫ్రిస్కోల నుంచి అది అందుబాటు దూరమే. ఒకే నేల మీద ఆడిన రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూడు. టీ20లో ఎక్కువలో ఎక్కువ 240 సరైన బంతులు. ఐపీఎల్ నిబంధన టైమ్‌అవుట్లు కలుపుకుని ఇన్నింగ్స్‌కు 90 నిమిషాలు, మధ్యలో విరామం 20 నిమిషాలు ఇస్తుంది. మొత్తం 200 నిమిషాలు, అదీ నిబంధన పాటిస్తేనే. బేస్‌బాల్‌లో 300 బంతులకు 160 నిమిషాలు. పొట్టి క్రికెట్ అని మనం ముద్దుగా పిలుచుకునే ఆట బంతుల లెక్కన పొట్టిదేమీ కాదు. ఐసీసీకి కూడా ఇది తెలిసొచ్చింది. ఓవర్ ముగిశాక 60 సెకన్లలో తర్వాతి ఓవర్ మొదలుపెట్టాలని పురుషుల వన్డేల్లో, టీ20ల్లో గడియారం పెట్టి, 2024 జూన్ నుంచి దాన్ని శాశ్వతం చేసింది.

పాత అభిమానుల బాధ వేరు. గడియారం లేకపోవడమే ఈ ఆట అందమని, చివరి ఔట్ దాకా ఓటమి ఖాయం కాదని, ఆ నిరీక్షణలోనే ఉత్కంఠ ఉందని అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. కానీ పిచ్ క్లాక్ ఆటను ముగించదు. చివరి ఔట్ పడేదాకా ఆట బతికే ఉంటుంది. మన కబడ్డీలో కూత ఏం చేస్తుందో ఇదీ అదే చేస్తుంది. కూతకు వెళ్లినవాడి ఊపిరే గడియారం. గుక్క తిప్పితే ఔట్. దాని మీద ఇప్పుడు 30 సెకన్ల హద్దు కూడా ఉంది. ఆ హద్దు వల్ల కబడ్డీలో ఉత్కంఠ తగ్గిందని ఎవరూ అనరు, ఉత్కంఠంతా దానిలోనే ఉంది. పైగా బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు పిచర్‌కు మూడు సెకన్లు ఎక్కువిచ్చారు చూడు, అవి నిరీక్షణకు అర్థం ఉన్న క్షణాలు. ఎవరూ లేనప్పుడు గ్లౌజు బిగించుకోవడాన్ని ఉత్కంఠ అనలేం. 2022లో ఆరున్నర కోట్ల లోపున్న ప్రేక్షకుల సంఖ్య 2023లో 7 కోట్లు దాటింది. ఆ ఏడాది ఇతర నిబంధనలూ మారాయి కనుక ఆ ఘనతంతా గడియారానికే కట్టబెట్టను. ప్రేక్షకులు పారిపోలేదన్నది మాత్రం ఖాయం. నాకు నచ్చనిది ఒకటుంది. సగం ఇన్నింగ్స్ ముగిసిన ప్రతిసారీ ప్రకటనలకు దాదాపు రెండు నిమిషాలు పోతాయి. అలాంటి విరామాలు మ్యాచ్‌కు 17 దాకా వస్తాయి, అరగంట పైమాటే. ఆటగాడి సెకన్లు లెక్కబెట్టిన యజమానులు ఆ అరగంట జోలికి మాత్రం పెద్దగా పోలేదు.

విలియమ్స్‌పోర్ట్, పెన్సిల్వేనియా

తమ్మీ,

పిల్లల బేస్‌బాల్‌కు ఇది పుట్టిల్లు. 1939లో కార్ల్ స్టాట్జ్ ఇక్కడ లిటిల్ లీగ్ మొదలుపెట్టాడు. ఏటా ఆగస్టులో దేశదేశాల పిల్లలు పక్కనే ఉన్న సౌత్ విలియమ్స్‌పోర్ట్‌కు ప్రపంచ పోటీలకు వస్తారు. వీళ్లకు 6 ఇన్నింగ్సే. బేస్‌ల మధ్య దూరం పెద్దలకు 90 అడుగులైతే పిల్లలకు 60. హైస్కూల్‌కు వెళ్లాక 7 ఇన్నింగ్స్, కాలేజీలో 9.

నేను పోయిన ఉత్తరంలో రాసిన వాదన ఇక్కడ తలకిందులవుతుందని నువ్వు అనవచ్చు. ఆటకు కోత పెట్టవద్దన్నాను, ఇక్కడేమో మూడో వంతు ఆటనే కోసేశారు. నిజమే, కానీ కారణం పొద్దు చాలకపోవడం కాదు, పిల్లల ఒళ్లు. పెద్దల ఆటలో ఖాళీ అలవాటు వల్ల, వ్యాపారం వల్ల వస్తుంది. పిల్లల ఆటలో చేతకాకపోవడం వల్ల వస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడు విసిరే బంతులు పక్కకు పోతూనే ఉంటాయి, బ్యాటర్లు కొట్టకుండానే బేస్‌కు నడుస్తుంటారు, ముగ్గురు ఔటవడానికి ఒక్కోసారి అరగంట పడుతుంది. వాడి ముందు గడియారం పెడితే బంతి ఇంకా దూరం పోతుంది తప్ప లాభం లేదు. అందుకే ఇక్కడ శ్రమకు హద్దు పెట్టారు. 11, 12 ఏళ్ల పిచర్ రోజుకు 85 బంతులకు మించి విసరకూడదు. 66 లేదా అంతకు మించి విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి. నాలుగు ఇన్నింగ్స్ తర్వాత ఒక జట్టు 10 పరుగుల ముందంజలో ఉంటే ఆట ఆపేస్తారు. మన కబడ్డీలో పురుషులకు 20 నిమిషాల అర్ధభాగాలు, సబ్ జూనియర్లకు 15 నిమిషాలు పెట్టడం కూడా ఇలాంటిదే.

అయితే ఇక్కడి స్థానిక పోటీల్లో చాలాచోట్ల మరో పద్ధతి ఉంది. ఒకే మైదానంలో రోజంతా మ్యాచ్‌లు జరగాలి కనుక గంటన్నర, గంటా ముప్పావు దాటాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టరు. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ముందంజలో ఉన్న జట్టు ఏం చేస్తుందో ఆలోచించు. బూటు లేసు కట్టుకుంటుంది. కోచ్ నడుచుకుంటూ పిచర్ దగ్గరికి వెళ్తాడు. ఆట మొత్తం మీద గడియారం పెడితే జాగు చేసినవాడికి లాభం. ఖాళీ మీద పెడితే జాగు చేసినవాడికి నష్టం. రెండూ గడియారాలే అయినా ఒకటి ఆటను తింటుంది, ఇంకొకటి ఆటను కాపాడుతుంది. కబడ్డీ ఇది ఎప్పుడో కనిపెట్టింది. ఆధిక్యంలో ఉన్న జట్టు ఊరికే వెళ్లి గీత తాకి వచ్చే ఖాళీ కూతలతో నిమిషాలు గడపకుండా, ప్రో కబడ్డీలో వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింట్ తేవాల్సిందే, లేకుంటే వెళ్లినవాడు ఔట్. మన ఊరి క్రికెట్‌లోనూ పొద్దుగూకే వేళ ఫీల్డింగ్ జట్టు కంపచెట్లలో బంతి వెతుకుతూ నిలబడిపోవడం నువ్వు ఏటా చూసేదే. వాళ్లను తిట్టి లాభం లేదు, నిబంధనే అందుకు ఆశ చూపుతోంది.

కాలేజీ ఆట ఎందుకు సాగుతుందో ఇప్పుడు తేలిగ్గా చెప్పవచ్చు. అక్కడ చాలా జట్లలో ప్రతి బంతినీ కోచ్ బయటి నుంచి నిర్ణయిస్తాడు. పిచర్లకు పెద్దలకున్నంత పట్టు బంతి మీద లేదు, పిల్లలకున్న కోతా లేదు.

పాటకెట్, రోడ్ ఐలండ్

తమ్మీ,

ఈ ఊరి పేరు బేస్‌బాల్ రికార్డుల్లో ఉన్నది ఒక్క ఆట వల్లే. 1981 ఏప్రిల్ 18 రాత్రి, ఈస్టర్ ముందు శనివారం, పాటకెట్, రోచెస్టర్ జట్లు మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉండే లీగ్‌లో ఆట మొదలుపెట్టాయి. 9 ఇన్నింగ్స్‌కు తేలలేదు, 20కి తేలలేదు. చలికి ఆగలేక ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు డ్రమ్ములో వేసి మంట కాచుకున్నారు. అర్ధరాత్రి దాటాక కొత్త ఇన్నింగ్స్ వద్దని లీగ్ నిబంధన ఉన్నా, అంపైర్ల దగ్గరున్న ప్రతిలో అది అచ్చు కాలేదు. తెల్లవారుజామున 4 గంటల 7 నిమిషాలకు, 32 ఇన్నింగ్స్ తర్వాత, 2–2 దగ్గర ఆపారు. అప్పటికి మిగిలిన ప్రేక్షకులు 19 మంది. జూన్ 23న మళ్లీ మొదలుపెడితే 18 నిమిషాల్లో పాటకెట్ 3–2తో గెలిచింది. మొత్తం 33 ఇన్నింగ్స్, 8 గంటల 25 నిమిషాలు. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న కాల్ రిప్కెన్, వేడ్ బాగ్స్ ఆ రాత్రి ఎదురెదురు జట్లలో ఆడారు.

ఖాళీలు తగ్గిస్తే చాలనే నా మాటకు ఇది గట్టి ప్రశ్నే. ఇన్నింగ్స్‌కే హద్దు లేకపోతే ఏ గడియారమైనా ఏం చేస్తుంది? సాయం చేస్తుంది, కొంతవరకే. మేజర్ లీగ్ తుది పోరైన వరల్డ్ సిరీస్‌లో 2018 మూడో మ్యాచ్ లాస్ ఏంజెలిస్‌లో 18 ఇన్నింగ్స్ నడిచి 7 గంటల 20 నిమిషాలు పట్టింది. 2025 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ అదే మైదానంలో, అవే 18 ఇన్నింగ్స్, పిచ్ క్లాక్‌తో 6 గంటల 39 నిమిషాలు. 41 నిమిషాలు మిగిలినా ఆరున్నర గంటలు మనిషికి భారమే. అందుకే మామూలు సీజన్ మ్యాచ్‌ల్లో 2020 నుంచి అదనపు ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద ఒక రన్నర్‌ను ముందే నిలబెడుతున్నారు. సంప్రదాయవాదులకు అది మింగుడు పడలేదు. నాకు అది సమ్మతమే. నిర్ణీత ఆట పూర్తయ్యాక కూడా తేలనిదాన్ని తేల్చడానికి అడ్డదారి తొక్కినా తప్పు లేదు, మర్నాడు మళ్లీ ఆడాల్సిన దేహాలవి.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. తొందరపెట్టడం వల్ల పిచర్ల మోచేతులు దెబ్బతింటున్నాయని 2024లో ఆటగాళ్ల సంఘం గట్టిగా అంది. ఆ ఏడాది చివర్లో లీగ్ వెలువరించిన నివేదిక ప్రధాన దోషం వేగం వెంటపడటానిదని, ప్రతి బంతినీ ఉన్న బలమంతా పెట్టి విసరడానిదని చెప్పింది. నివేదిక లీగ్‌ది కనుక దాన్నే తుది తీర్పుగా తీసుకోను. చేతికి రెండు బంతుల మధ్య కొంత ఊపిరి కావాలి. ఖాళీలన్నీ వృథా కావని దీనివల్ల ఒప్పుకోవాలి. ఆటగాడి ఒంటికి పనికొచ్చే ఖాళీ ఉండాలి, జాగుకు పనికొచ్చేది పోవాలి. నీ పోటీల్లో మంచినీళ్ల విరామాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

మిగతావి చూడు. ముఖ్య అతిథి కోసం గంటసేపు కూర్చుని, పొద్దు వాలిందని 12 ఓవర్లను 8కి తగ్గించడం చాలా ఊళ్లలో ఉన్న పద్ధతే. ఇలాంటప్పుడు ఏడో నంబరులో బ్యాటింగ్‌కు రావాల్సిన పిల్లవాడికి ఆటే దక్కదు. వాడి ఓవర్లను మైకు తినేసింది. మనకు అన్ని హంగులు ఎక్కడివని నువ్వు అంటావు. దీనికి హంగులేమీ అక్కర్లేదు. స్కోరు రాసే పిల్లల పక్కన ఇంకొకణ్ణి ఫోన్‌తో కూర్చోబెట్టు. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య ఒకటిన్నర నిమిషం దాటితే ఈల వేయాలి. రెండుసార్లు హెచ్చరిక, మూడోసారి అవతలి జట్టుకు ఐదు పరుగులు. బంతి కంపలో పడితే వెతుకుతూ నిలబడకుండా రెండో బంతి అంపైర్ జేబులోనే ఉండాలి. ఈ మాట పోటీకి ముందే అన్ని జట్లకూ చెప్పాలి, మధ్యలో పెడితే గొడవవుతుంది. పధ్నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఈల వద్దు. వాళ్లలో ఒక్కొక్కరు వేసే ఓవర్లకే హద్దు పెట్టు. పెద్దమనుషులను ఆహ్వానించు, కానీ బహుమతులు ఇచ్చే వేళకు రమ్మని రాయి, టాస్ వేళకు కాదు.

అమ్మకూ నాయినకూ దండాలు చెప్పు. రూల్స్ కాగితం రాశాక నాకు ఫోటో తీసి పంపు.