గాలం వేసే ముందు పడవ చూడండి
బేతంచెర్లలో మనం నాపరాయిని తట్టి చూడనిదే కొనం. సముద్రం కనబడితే మాత్రం ఆ తెలివి మరచిపోతాం. వేసవి సెలవుల్లో విజయవాడ మీదుగా బందరు వెళ్లి, గిలకలదిండిలో పడవెక్కి, గాలానికి సీసం గుండు కట్టి అడుగున తిరిగే చేపను పడదామని మన యౌవనస్థుల ఉబలాటం. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అప్పుడు రమ్మనేవాని పడవ ఎక్కవద్దు.

తక్కిన నెలల్లోనైనా బేరానికి ముందే అనుమతి పత్రం చూడండి, తలకొక లైఫ్ జాకెట్ అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో బోల్తాపడిన పడవకు అనుమతి లేదు, ఎక్కినవారు పరిమితికి మించినవారు. అది నది. ఒడ్డు కనబడుతూనే ఉంది.