చవక గిటార్‌తో స్టేజీ ఎక్కొచ్చా?

ఉగాది కార్యక్రమంలో వాయించడానికి చవక ఎలక్ట్రిక్ గిటార్ సరిపోతుందా అని ఇక్కడ క్రైస్ట్‌చర్చ్‌లో ఒక తమ్ముడు అడిగాడు. నిస్సందేహంగా సరిపోతుంది. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే 1963లో నాన్నతో కలిసి ఇంట్లో మొదలుపెట్టిన గిటార్‌కు మెడ పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో చేసింది. క్వీన్ కచేరీల్లో మోగింది అదే.

కొట్లో ముందు మెడ అంచు పొడవునా వేలు జార్చి చూడు. సదరన్ ఆల్ప్స్ దాటి మన మైదానం మీదికి దిగే నార్‌వెస్టర్ గాలి పొడిగా ఉంటుంది కదా, దానికి ఫ్రెట్‌బోర్డు చెక్క ఎండి కుంచించుకుంటుంది. ఫ్రెట్ల లోహం కుంచించుకోదు. దాంతో కొసలు బయటికొచ్చి చేతిని గీస్తాయి. నున్నగా అరగదీయిస్తే పోతుంది, దాని కోసం గిటార్‌నే వద్దనుకోకు.

తీగను గట్టిగా బెండ్ చేసి వదులు. శ్రుతి జారితే ట్యూనర్ల కంటే ముందు నట్ గాళ్లను అనుమానించు. వాటిని సరిచేయించడం పెద్ద ఖర్చు కాదు. కేబుల్ పెట్టి జాక్ దగ్గర కదిపి చూడు. చిటపటలాడితే ఆ గిటార్‌ను అలా స్టేజీ ఎక్కించొద్దు.

ఇక రొద. డిమ్మర్ లైట్లున్న హాల్లో సింగిల్ కాయిల్ పికప్ బుయ్యిమంటుంది. హంబకర్‌లో రెండు కాయిళ్లు ఒకదాని రొదను మరొకటి కొట్టేస్తాయి. యమహా పసిఫికా 112కి బ్రిడ్జి దగ్గర హంబకర్ ఉంది, మిగతా రెండూ సింగిల్ కాయిళ్లే. మెలోడీకీ మాస్ బీటుకీ రెంటికీ పనికొస్తుంది. నా ఓటు దానికే.

మిగిలిన డబ్బుతో సెటప్ చేయించు, ఇంకో కేబుల్ కొనుక్కో.