పిల్ల కాదు... పురుగు!

మావాడు ఆడే వీడియో గేమ్‌లో ఒక జీవి ఉంది. ఎర్రటి వీపు, వీపంతా తెల్లచుక్కలు, ఒంటికి మించిన నోరు. దాని పక్కనే అదే రంగులో, అవే చుక్కలతో, దానికి నాలుగైదు రెట్లున్న పెద్దది గుర్రుపెట్టి నిద్రపోతుంటుంది. చూసినవాళ్లెవరైనా తల్లీపిల్లా అనే అంటారు. జపాన్‌వాళ్లు పెట్టిన పేర్లు కూడా అలాగే ఉన్నాయి. పెద్దది ‘చాపీ’, చిన్నది ‘కోచాపీ’. ‘కో’ అంటే వాళ్ల భాషలో పిల్ల. ఇంగ్లీషులోకి వచ్చేసరికి పెద్దది బల్బార్బ్ అయింది, చిన్నది డ్వార్ఫ్ బల్బార్బ్ అయింది.

ఆ ఆట పేరు పిక్మిన్. నింటెండో కంపెనీది, 2001లో వచ్చింది. మారియోని సృష్టించిన షిగెరు మియమోటోకి పెరట్లో చీమల్ని చూస్తుంటే ఈ ఆలోచన తట్టిందట. అమెరికా నుంచి వస్తూ మా ఆడపడుచు స్విచ్ తెచ్చిచ్చింది. అప్పటినుంచీ అత్తాపూర్‌లోని మా రెండు గదుల ఫ్లాట్‌లో ఆ చీమల దండే కాపురం ఉంటోంది.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఓలిమార్ అనే బుల్లి కెప్టెన్ రాకెట్ తెలియని గ్రహం మీద కూలిపోతుంది. దాని విడిభాగాలు ముప్ఫై. వాటిని వెతుక్కోవడానికి ముప్ఫై రోజులే గడువు. ఆకు తోకల్లాంటి పిలకలున్న పిక్మిన్‌లు అతనికి సాయం. ఒకేసారి వందమందిని వెంటేసుకు తిరగొచ్చు. ఆటలో ఒక పగలంటే మనకి పావుగంట కూడా ఉండదు. పొద్దుగూకేలోపు అందర్నీ గూటికి చేర్చాలి. బయట మిగిలిపోయినవాళ్ల గతి చెప్పక్కర్లేదు. పగలంతా నిద్రపోయిన చాపీలు అప్పుడు లేస్తాయి. చనిపోయిన పిక్మిన్ చిన్న నిట్టూర్పు విడిచి గాల్లోకి తేలిపోతుంది. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపిస్తే నా చేతిలో గరిటె ఆగిపోతుంది. బొమ్మే కదా అనుకుంటాను గానీ, ఏమిటో!

చిన్నదాని రహస్యం మాత్రం రెండో ఆటలో బయటపడుతుంది. 2004లో వచ్చిన ఆ భాగంలో ఓలిమార్ తాను చూసిన ప్రతి జీవి గురించీ నోట్సు రాసుకుంటాడు. అందులో ఉంది అసలు మాట. ఈ చిన్నది పెద్దదాని పిల్ల కానే కాదు. కులమే వేరు. బ్రెడ్‌బగ్ అనే రొట్టెపురుగు జాతిది. మిగతా జంతువులు తన జోలికి రాకుండా చాపీ వేషం వేసుకుని బతుకుతోంది. చాపీ అసలు పిల్లలు గుహల్లో లార్వాల్లా పాకుతుంటాయి, వాటికి ఈ చుక్కల చొక్కా ఉండదు.

ఆటల కంపెనీవాళ్లు ఇది గాల్లోంచి ఊహించలేదు. హెన్రీ బేట్స్ అనే ఇంగ్లీషాయన అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు తిరిగి, 1862లో ఇలాంటి సీతాకోకచిలుకల గురించి రాశాడు. చేదుగా ఉండే సీతాకోకల రంగుల్ని, చేదులేనివి అరువు తెచ్చుకుని పిట్టల నుంచి తప్పించుకుంటాయి. అంతదూరం ఎందుకు, ఆ వేషగాళ్లు మా అపార్ట్‌మెంటు సెల్లారులోనే ఉన్నాయని ఓ జులై రాత్రి తెలిసింది.

అత్తాపూర్ అంటే చాలామందికి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్ నంబర్లే గుర్తొస్తాయి. మాకు మాత్రం అటుపక్క మూసీ కూడా ఉంది. వానాకాలం వచ్చి పైన జలాశయాల గేట్లు ఎత్తారంటే చాలు, వాచ్‌మన్ కర్ర తీసి గోడకి ఆనించి పెట్టుకుంటాడు. రాత్రిపూట పాము అని పేరెత్తడు. ‘పురుగు’ అంటాడు. మా అమ్మమ్మా అంతే. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని భయం. రొట్టెపురుగు కథ విన్న మావాడికి ఈ మాట భలే నచ్చింది.

ఆ రాత్రి పదిన్నరకి చెప్పుల స్టాండ్ కింద కనిపించింది పురుగు. మూరెడు పొడవు, ఒంటినిండా అడ్డపట్టీలు. ‘కట్లపాము!’ అని ఎవరో అరిచారు. వాచ్‌మన్ కర్ర ఎత్తాడు. నేను వద్దనబోయాను గానీ నోరు పెగల్లేదు. ఎందుకంటే అక్కడికి పదడుగుల్లోనే అతని పిల్లలిద్దరూ చాపమీద నిద్రపోతున్నారు. కట్లపాము వేట రాత్రే. నేలమీద పడుకున్నవాళ్లని నిద్రలో కాటేస్తుంది. చాలాసార్లు నొప్పే ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి మాట పడిపోతుంది. మన దేశంలో పాముకాటుకి ఏటా సగటున 58 వేలమంది చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోవాళ్లు. ‘పైన మంచాల మీద పండేటోళ్లకు ఏమైతది మేడం? ముడితే నా పిల్లలను ముట్టాలె’ అన్నాడతను. దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడో అంతస్తులోని కాలేజీ అబ్బాయి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేశాడు. మన హైదరాబాద్‌లో పాముల్ని పట్టి అడవిలో వదిలే స్వచ్ఛంద సంస్థ అది. మనిషి వచ్చేదాకా పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకుని పైకి చేర్చారు. మిగతా అందరం దూరంగా నిలబడి దాన్నే చూస్తున్నాం, అది కదిలితే ఎటు పోయిందో తెలియాలి కదా.

వచ్చినబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. టార్చి వేసి చూసి, కొక్కెంతో నెమ్మదిగా లాగి సంచీలో వేశాడు. ఆ తర్వాతే మాట్లాడాడు. అది కట్లపాము కాదు, వుల్ఫ్ స్నేక్. ముందుపళ్లు కాస్త పెద్దవని తోడేలు పేరు పెట్టారు. విషం లేదు, గోడలెక్కి బల్లుల్ని తింటుంది. కట్లపాముకి తలదగ్గర పట్టీలు ఉండవు, కొంచెం వెనక నుంచి మొదలై తోకదాకా సాగుతాయి. దీనికి మెడదగ్గర నుంచే మొదలై తోకవైపు పోనుపోను మాసిపోతాయి. ‘ఇది విని మీరే దగ్గరికెళ్లి పట్టీలు లెక్కపెట్టకండి. మాకే ఒక్కోసారి అనుమానం వస్తుంది. దూరంగా ఉండి మమ్మల్ని పిలవండి. కాటేస్తే మాత్రం మంత్రాలూ పసర్లూ అంటూ తిరగకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని గట్టిగా చెప్పాడు.

రెండూ రాత్రే తిరుగుతాయి, రెండూ ఇళ్లలోకి దూరతాయి. కట్లపామంటే జడిసే జంతువులు దీన్ని కూడా వదిలేస్తాయి. అడవిలో ప్రాణం కాపాడిన ఆ పట్టీలే సెల్లారులో ప్రాణం మీదికి తెస్తాయి. మనిషి భయపడితే పారిపోడు కదా, కర్ర తీస్తాడు. మావాడు మెట్లెక్కుతూ అన్నాడు: ‘కోచాపీ కూడా అంతే అమ్మా. దాని వేషం మిగతా జంతువుల కోసం. మేం ముందు దాన్నే కొడతాం, ఒక్క పిక్మిన్‌ని సరిగ్గా నెత్తిమీదకి విసిరితే చచ్చిపోతుంది. మోసుకెళ్లడానికి ముగ్గురు చాలు.’ ఆట మానేస్తాడేమో అనుకున్నారు మావారు. ఏమీ లేదు, మర్నాడు కూడా విసిరాడు. విసరకపోతే ఆట ముందుకు సాగదట.

ఆ ఆదివారం జూకి తీసుకెళ్లమని గొడవ చేస్తే బహదూర్‌పురా వెళ్లాం. మాకు దగ్గరే. 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాత్రి తిరిగే జంతువులకి విడిగా ఒక చీకటి ఇల్లుంది. అక్కడ పగటిని రాత్రి చేస్తారు, మనం పగలు వెళ్లినా అవి మెలకువగా ఉండాలని. గబ్బిలాలు, గుడ్లగూబలు, దేవాంగపిల్లి. ఆ మసక వెలుతురులో దేవాంగపిల్లి పెద్ద పెద్ద కళ్లేసుకుని కొమ్మమీద ఒక్కో అడుగూ వెతుక్కుంటూ నడుస్తుంటే, మావాడు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు కదల్లేదు. దానికి ఏ వేషమూ లేదు పాపం, నెమ్మదితనం తప్ప.

అపార్ట్‌మెంటు మీటింగులో ఈ సంగతి మీద గంటసేపు వాదన జరిగింది. సెల్లారు గోడ కంతలకి సిమెంటు పెట్టించడానికి అందరూ ఒప్పుకున్నారు. వాచ్‌మన్ పిల్లలకి రెండు మంచాలు, దోమతెర అనేసరికి, అది మెయింటెనెన్సు కిందికి వస్తుందా రాదా అని మళ్లీ మొదలైంది. కట్లపాము నేలమీదే పాకుతుంది, పరుపు కిందికి దోపిన దోమతెర దోమల్నే కాదు, దాన్నీ ఆపుతుందని ఆ పాములబ్బాయి చెప్పిన మాట నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చివరికి మూడో అంతస్తువాళ్లూ మేమూ చెరిసగం వేసుకున్నాం. మంచాలు బేగంబజారు నుంచి ఆటోలో వచ్చాయి. వాచ్‌మన్ వాటిని గోడకి ఆనించకుండా, మధ్యలోకి జరిపి వేశాడు. కర్ర మాత్రం అక్కడే ఉంది.