మా యింటి ఇటలీ వంటవాడు

కోయంబత్తూరునుండి మేట్టుపాళయము పోవు దారిలోని కారమడై యనగానే మనవారందరకు రంగనాథస్వామి కోవెలయు, మాసి మఖమునాటి తేరును స్మృతికి వచ్చును. ఆ యూర తరతరములుగా ఇంట తెలుగు మాటలాడుచు వచ్చిన కుటుంబములలో మాదియు నొకటి. మావారు ఎరిగిన వృత్తులు సేద్యము, నూలుమిల్లు, పంపుసెట్టుల కార్ఖానా. అట్టి యింట మా తమ్ముని కుమారుడు ఇటలీ దేశపు వంటలో నిపుణుడు కావలెనని సంకల్పించినప్పుడు కలిగిన అలజడి ఇంతంత కాదు.

"గరిటె పట్టేవానికి పిల్లనెవరిస్తారు?" అని పెద్దలనిరి. కుదిరిన సంబంధమొకటి ఆ మాటమీదనే తప్పిపోయినది. మేము మన దామోదరస్వామి నాయుడుగారిని, 1968లో వారు కోయంబత్తూరున స్థాపించిన అన్నపూర్ణ హోటలును ఉదాహరించితిమి. "యజమాని వేరు, వంటవాడు వేరు" అని వారు సమాధానము చెప్పిరి.

పిల్లవాడు వెనుదీయలేదు. హోటలు నిర్వహణ విద్య మూడేండ్లు చదివి, బెంగుళూరులో ఒక పెద్ద వంటశాలయందు చేరెను. అచ్చటి క్రింది మెట్టును కామీ యందురు. ఆ మెట్టున నున్నవానికి ఉల్లిపాయలు తరుగుట, కూరగాయల రసము కాచుట, పాత్రలు సర్దుటయే పని. తరువాత ఒక విభాగమునకు బాధ్యుడయ్యెను. పిదప ప్రధాన పాకశాస్త్రజ్ఞునికి కుడిభుజమైన సూ షెఫ్ పదవి లభించెను. దినమునకు పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై పని. పండుగనాళ్లలో విశ్రాంతి మరియు తక్కువ. వరుసగా అయిదేండ్లు మా యూరి తేరుకు రాలేకపోయెను.

ఇటలీలోనైనను ఈ విద్యకు గౌరవము ఒక్కనాట రాలేదు. పెల్లెగ్రీనో ఆర్తూసి యను వర్తకుడు వంటల గ్రంథమొకటి వ్రాయగా, ప్రకాశకులు దొరకక, 1891లో స్వంత ధనముతో అచ్చువేయించెను. పాఠకులైన గృహిణులు తమ యింటి వంటలు వ్రాసి పంపుచుండగా, మొదట 475గా నున్నవి తుదకు 790 అయినవి. ఇటలీలో మొదటిసారి మిషెలిన్ వారి మూడు నక్షత్రములను 1985లో గడించిన మిలాను నివాసి గ్వాల్తియేరో మార్కేసి కూడ పూటకూళ్లు నడపిన తల్లిదండ్రుల బిడ్డయే.

ఒక సెలవులో మావాడు ఇంటికి వచ్చి రిసొత్తో యను అన్నమును వండెను. బియ్యము కడుగక, వెన్నలో వేయించి, కాగిన రసమును గరిటె గరిటెగా పోయుచు సుమారు పదునెనిమిది నిమిషములు కలియబెట్టవలెను. చూచుచున్న అవ్వ, "బియ్యం కడగవా? గంజి వార్చవా?" అని యడిగెను. ఆ గంజియే దాని చిక్కదనమని వాడు వివరించెను. చివర చేర్చు పార్మిజాను జున్నుకు పాలు విరుచుటకై దూడ పొట్టనుండి తీసిన పదార్థమును వాడుదురని కూడ దాచక చెప్పెను. "అది మనకొద్దురా" అని అవ్వ నెమ్మదిగా ననెను. వాడు వెన్నతోనే ముగించెను.

అవ్వ ఒక మెతుకును వ్రేళ్లనడుమ నొక్కి, "నడుమ పలుకుంది" అనెను.

"అదే కావాలి అవ్వా. వాళ్లు అల్ దెంతె అంటారు, పంటికి తగిలేట్టు అని."

"పలుకు అంటే చాలదా?"

వాడు నవ్వెను గాని ఆ మాటను వదలలేదు. తన క్రింద పనిచేయు ఆంధ్ర బాలురకు ఇప్పుడు వాడు ఆ పాకమును అవ్వ మాటతోనే నేర్పుచున్నాడు.

మన పిల్లలు చారును రసమనియు, పులుసును కుళంబనియు పిలుచుచున్నారు. పేరు పోయిన పిదప వంటయు ఎంతకాలము నిలుచును? అందుచేత అవ్వ చెప్పు వంటలను మావాడు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నాడు. తెలుగు లిపి నేర్వని తరము గనుక తమిళ అక్షరములతో తెలుగు మాటలు వ్రాయుచున్నాడు. మేము వానిని తెలుగు లిపిలోనికి ఎత్తుచున్నాము. ఊరుబిండితో మొదలై ఇప్పటికి ముప్పదిరెండు వంటలైనవి.

సోదరీసోదరులారా, మీ యింటను అవ్వయున్నచో ఆమెను అడుగుడు. లిపి యేదైనను సరే, ముందు వ్రాసికొనుడు.