పూయని అజేలియాలు

2016 జూన్‌లో ఆల్ఫరెటాలో మేము ఇల్లు కొన్నప్పుడు, అమ్మిన పెద్దావిడ తాళాలు చేతికిచ్చి, నన్ను ఇంటి ముందుకి తీసుకెళ్ళింది. కిటికీల కింద వరుసగా పదకొండు పొదలు. "ఇవి మా ఆయన నాటినవి. ఏప్రిల్‌లో ఒకసారి ఇటు కారులో వచ్చి చూసిపోతాను, నీకేమీ అభ్యంతరం లేదు కదా?" అంది. ఆయన పోయి రెండేళ్ళయిందట. తప్పకుండా రమ్మన్నాను.

అట్లాంటా చుట్టుపక్కల ఉండేవాళ్ళకి అజేలియా గురించి చెప్పనక్కర్లేదు. మార్చి ఆఖరు నుంచి మూడు వారాలు ఆకు కనపడకుండా గులాబిరంగు, ఎరుపు, తెలుపు. ఆగస్టాలో జరిగే మాస్టర్స్ గోల్ఫ్ పోటీ టీవీలో చూసినవాళ్ళకీ తెలుసు. అక్కడ 13వ హోల్ పేరే అజేలియా.

ఆ డిసెంబరులో పొదలు కిటికీల మీదకి వస్తుంటే అమ్మకి ఫోన్ చేశాను. మాది మైలవరం దగ్గర ఊరు, మల్లెతోటలు చూస్తూ పెరిగినవాళ్ళం. చలికాలంలో మల్లెకి నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తారు. వేసవికి కొత్త చిగుళ్ళు, వాటి కొసల్లో మొగ్గలు వస్తాయి. "ఏ పూలచెట్టుకైనా అంతేరా. కత్తెర పట్టుకుని జాలిపడకు" అంది అమ్మ. నేనసలే జాలిపడలేదు. పదకొండు పొదల్నీ సున్నుండల్లా గుండ్రంగా చెక్కేశాను. ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు కూడా.

ఏప్రిల్ వచ్చింది. ఒక్క పువ్వు లేదు. 2017 మార్చి మధ్యలో గట్టి మంచు పడి, జార్జియాలో బ్లూబెర్రీ, పీచ్ తోటలే దెబ్బతిన్నాయి. మావీ అలాగే మాడిపోయాయి కాబోలనుకున్నాను. ఆవిడ వచ్చింది. కారు నెమ్మదిగా ఆగింది, అద్దం సగం దిగింది. చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

రెండో ఏడూ అంతే. ఈసారి లాన్‌కి చల్లే ఎరువుని అనుమానించాను. అందులో నత్రజని ఎక్కువ, గడ్డికి మంచిదే గాని, పక్కనున్న పొదలకి అందితే ఆకు బలుస్తుంది, పూత తగ్గుతుంది. అటువైపు చల్లవద్దని చెప్పాను. తర్వాత మట్టి తీసుకెళ్ళి మా కౌంటీలోని యూనివర్సిటీ ఆఫ్ జార్జియా ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో ఇచ్చాను. అజేలియాకి పులుపు నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 6 దాకా. మాది 5.2 అని వచ్చింది. వంక పెట్టడానికి లేదు. మరీ నీడ ఎక్కువైనా పూత పలచబడుతుందని చదివి, డబ్బు పోసి పక్కనున్న ఓక్ చెట్టు కింది కొమ్మలు కొట్టించాను.

2019 ఏప్రిల్‌లో ఆవిడ మళ్ళీ వచ్చింది. నేను గరాజిలోంచి బయటికి రాలేదు.

ప్రోగ్రాం పనిచేయకపోతే ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఏం మార్చారో వరుసగా చూసుకోవడం నా ఉద్యోగం. ఎరువు మార్చాను, నీడ మార్చాను, మట్టి చూపించాను. ఏటా డిసెంబరులో కత్తెర పడుతున్న సంగతి మాత్రం ఆ జాబితాలోకి ఎక్కలేదు. అమ్మ చెప్పిందాన్ని ఎవరు టెస్ట్ చేస్తారు?

ఆ ఏడు మేలో అమ్మ వచ్చింది. అక్టోబరులో, తిరుగుప్రయాణానికి వారం ముందు, ఒక సాయంత్రం పొద దగ్గర నిలబడి కొమ్మ కొసలు వేళ్ళతో నలుపుతూ చూస్తోంది. మల్లెమొగ్గ కోసిన వేళ్ళవి. "ఒరేయ్, ఇలా రా. ఇది ఆకుమొగ్గ కాదు. పూమొగ్గ." ఒకటి తుంచి గోటితో నిలువుగా చీల్చింది. లోపల పొరలు పొరలుగా ముడుచుకుని బుల్లి రేకులు. "అక్టోబరులోనే ఉన్నాయేమిటి? ఇవెప్పుడు పూస్తాయన్నావు?"

ఏప్రిల్‌లో అన్నాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

విషయం అదే. మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది. అజేలియా అలా కాదు. వసంతంలో పూలు రాలాక వచ్చిన చిగుళ్ళ కొసల్లో, జులై ఆగస్టుల్లోనే మరుసటి ఏడాది మొగ్గ కట్టేస్తుంది. అందుకే వేసవి చివర్లో నీళ్ళు చాలకపోయినా మొగ్గలు తగ్గుతాయి. చలికాలమంతా ఆ మొగ్గల్ని మోసుకుంటూ కూర్చుంటుంది. కత్తిరించాలంటే పూలు రాలిన కొద్ది వారాల్లోనే, జులై రాకముందే కత్తిరించాలి. నేను మూడేళ్ళపాటు ఆ మొగ్గల్నే సంచుల్లో నింపి చెత్తబండికి ఎక్కించాను. (ఈమధ్య ఏడాదికి రెండు మూడుసార్లు పూసే రకాలు కూడా అమ్ముతున్నారు. మావి పాతకాలంవి.)

"నేనే చెప్పానుగదరా" అని అమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. వెళ్ళేముందు కత్తెర తీసి, గరాజిలో పైఅరలో, నా చెయ్యి కూడా అందనంత లోపలికి తోయించింది.

2020 ఏప్రిల్. మాస్టర్స్ నవంబరుకి వాయిదా పడింది. విమానాలు లేవు, అమ్మ అక్కడే ఉండిపోయింది. మా వీధిలో మనిషి అలికిడి లేదు. అప్పుడు పూశాయి. పదకొండూ పూశాయి. గుండ్రం పోయి, జుట్టు విరబోసుకున్నట్టు అడ్డదిడ్డంగా, కిటికీ సగం కప్పేసి మరీ.

ఆవిడ వస్తుందో రాదో అనుకున్నాను, వయసు మీద పడింది, రోజులు చూస్తే అలా ఉన్నాయి. వచ్చింది, కూతురు డ్రైవ్ చేస్తోంది. మూసిన అద్దంలోంచే చాలాసేపు చూసింది. నేను లాన్ ఇవతల నిలబడ్డాను. మా అమ్మాయి ఒక కొమ్మ విరిచి ఇవ్వబోతే ఆపాం, అప్పట్లో ఏది ముట్టుకోవాలన్నా భయమే కదా. ఆవిడ అద్దానికి అరచెయ్యి ఆనించింది.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి ఒక్కో పొదా చూపించాను. దేవుడికి పెట్టావా అంది. పెట్టాం గాని పిల్లల్ని నోట్లో పెట్టుకోనివ్వవద్దు, ఈ చెట్టు ఆకూ పువ్వూ కూడా విషమే అని చెప్పాను.

"వాసనుంటుందా?"

"మావాటికి లేదమ్మా."

"వాసన కూడా లేని పువ్వుకా ఇంత గొడవ!" అంది. అని, కాసేపాగి, "ఆ చివరిది ఇంకోసారి చూపించు" అంది. చూపించాను. "సరేగాని, కుండీలో మల్లె సంగతేమిటి? దానికి ఆకు దూశావా, లేక దాన్ని కూడా వదిలేశావా?"

వదిలేశాను.