కల్లం మీద కన్ను

నెట్‌వర్కుకి తగిలించిన తొలి కెమేరాల్లో ఒకటి దేనికి కాపలా కాసిందో తెలుసునా? కాఫీ పాత్రకి. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటరు ప్రయోగశాలలో వాళ్ళు, అంత దూరం నడిచి వెళ్ళేసరికి కాఫీ అయిపోతున్నదని విసిగి, పాత్రకి ఎదురుగా ఒక కెమేరా పెట్టి ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చునే చూసుకునేవారట. 1993లో ఆ బొమ్మ ఇంటర్‌నెట్టుకెక్కింది. 2001లో దాన్ని ఆపేశారు. మన కాంటీనుకి అటువంటి ఏర్పాటు అక్కర్లేదు లెండి. అక్కడి కాఫీ ఎప్పుడు చూసినా అలాగే వుంటుంది.

మా ఇంటి సంగతి కాఫీ కాదు, మిరపకాయలు. మాది పల్నాడులో ఒక పల్లె. జనవరి నుంచి మార్చి దాకా కోసిన కాయని కల్లంలో పట్టాల మీద ఎండబోస్తాం. ఏడాది కష్టమూ, తెచ్చిన అప్పూ మొత్తం ఆ ఎర్రటి పరుపులోనే వుంటాయి. రాత్రికి రాత్రి ఎవడైనా నాలుగు టిక్కీలు ఎత్తుకుపోతే ఇక అంతే సంగతులు. అందుకని మా నాన్న ఆ మూడు నెలలూ కల్లంలోనే నులకమంచం వేసుకుని పడుకునేవాడు. పైన మంచు, కింద పురుగూ పుట్రా. పోయిన ఏడు దగ్గు ముదిరి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. "నువ్వు చదివే ఆ ఫిజిక్సు దీనికేమన్నా అక్కరకొచ్చుద్దంట్రా?" అన్నది అమ్మ.

కెమేరా కొనటం పెద్ద పనేం కాదు. దాని చూపుని ఇంటిదాకా తీసుకురావటమే పని. మామూలు నెట్‌వర్కు తీగ 100 మీటర్లకు మించి లాగకూడదు. మా కల్లం ఇంటికి పావు కిలోమీటరు. పైగా పొలం మీదుగా రాగితీగ లాగటమంటే దొంగని పిలిచి బొట్టు పెట్టటమే. బోరు మోటార్ల తీగలకే దిక్కులేదు మరి. అందుచేత డాబా మీద ఒకటి, కల్లం దగ్గర గుంజకి ఒకటి, ఒకదానికొకటి ఎదురుగా వుండేట్టు రెండు వైర్‌లెస్ పెట్టెలు బిగించాను. అవి వాడే 5 గిగాహెర్ట్జ్ తరంగాలకి పచ్చని ఆకు పెద్ద అడ్డు. మధ్యనున్నది మిరపచేను కాబట్టి సరిపోయింది; అదే మొక్కజొన్న అయితే ఏపుగా పెరిగి నా చూపుకి తెర కట్టేది.

ఇక కరెంటు. వ్యవసాయ లైనుకి ఇచ్చేది పగటిపూట. దొంగ వచ్చేదేమో రాత్రి. కెమేరా, పెట్టె కలిసి 10 వాట్లు తీసుకుంటాయనుకుంటే రోజుకి 240 వాట్-గంటలు. 100 వాట్ల సోలారు పలకా, 12 వోల్టుల 100 ఆంపియర్-గంటల బ్యాటరీ పెడితే రెండు రోజులు మబ్బు పట్టినా ఫరవాలేదు. ప్రాక్టికల్ రికార్డులో కూడా నేనింత జాగ్రత్తగా ఎప్పుడూ లెక్క వేయలేదు. (అధ్యాపకులు మన్నింతురు గాక!)

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది, ఈ కన్ను ఇంకెవరి చేతికీ చిక్కకుండా చూడటం గురించి. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం లోకమంతటా ఇలాంటి కెమేరాల్లోకీ రికార్డర్లలోకీ దూరింది. తాళాలు పగలగొట్టి కాదు. ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టి పంపిన పాస్‌వర్డులు, ఒక అరవై చిల్లర, వరసపెట్టి ప్రయత్నించి చూసేది. జనం వాటిని మార్చనే మార్చలేదు. అలా దొరికిన వాటిచేత ఆ అక్టోబరులో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే కూలదోశారు. ఆ ప్రోగ్రాం రాశామని 2017లో ముగ్గురు అమెరికా కుర్రాళ్ళు కోర్టులో ఒప్పుకున్నారు. ఇంచుమించు మన వయసువాళ్ళే!

అందుకని పాస్‌వర్డులు మార్చి, కెమేరా నెట్‌వర్కుని ఇంట్లోనే ఆపేశాను. బయట ఇంటర్‌నెట్టుకి దానికి దారి లేదు. కల్లంలో ఏదైనా కదిలితే మా వసారాలో రికార్డరు కూస్తుంది, నాన్న లేచి తెరమీద చూస్తాడు. "మరి నువ్వు హాస్టల్లో ఫోన్లో చూడలేవుగా, ఇదేం ఏర్పాటురా?" అని మిత్రుల ఎగతాళి. నేను హాస్టల్లో చూసి చేసేదేమిటి? లేచి కర్ర పట్టుకోవలసింది నాన్నే గదా!

రాత్రి బొమ్మ మాత్రం తమాషాగా వుంటుంది. పరారుణ కాంతిని ఎండుమిరప బాగా తిప్పికొడుతుంది. అంత ఎర్రటి కల్లమూ సున్నం పరిచినట్టు తెల్లగా కనిపిస్తుంది. మొదటి వారం మా ఇంట నిద్ర లేకుండా చేసింది దొంగ కాదు, కెమేరా ముందు గూడు కట్టిన సాలెపురుగు. దగ్గు తగ్గింది. ఈ ఏడు కాయ కూడా పోలేదు, అది కెమేరా చలవేనని నేను ప్రమాణం చేయలేను.

చెప్పవలసింది ఇంకొకటుంది. పగలు ఆ కల్లంలో తాలుకాయలు ఏరటానికి పదిమంది ఆడకూలీలు కూర్చుంటారు. ఎండకి పైట జారుతుంది, పసిపిల్లలకి పాలిస్తారు. కెమేరా బిగించిన మర్నాడు వాళ్ళలో పెద్దామె పైకి చూసి, "ఏం అబ్బాయా, ఆ కన్ను దొంగలకా, మాకా?" అన్నది. రాత్రిపూటే పనిచేసేట్టు పెట్టాను అత్తా అన్నాను. "పగలు మూసుకుందని మాకెట్టా తెలిసిద్ది?"

ఆ ప్రశ్నకి నా పుస్తకాల్లో జవాబు లేదు. సెట్టింగు నాకు తెలుసు, ఆమెకి కనిపించేది గాజుకన్నే. చివరికి గుంజకి ఒక కప్పీ కట్టి, గోనెపట్టా ముసుగు తగిలించి, తాడు కొస ఆమె చేతికి ఇచ్చాను. పొద్దున్నే రాగానే లాగి కప్పేస్తుంది, దీపాలవేళ పోతూ తీసేస్తుంది. "పగలు మాత్రం కాయ పోదంటరా?" అని నాన్న రెండు రోజులు సణిగాడు. ఇప్పుడు ఆమె రావటం ఆలస్యమైన రోజున తనే వెళ్ళి తాడు లాగుతున్నాడు.